నొప్పికీ ఒక సంఘం



పెన్నా ఒడ్డున చెన్నూరు మడుల్లో ఏళ్ల తరబడి నాట్లు వేసిన అక్కల్ని పలకరించండి. "వంగితే లేయలేను, లేస్తే వంగలేను" అంటారు. మెడికల్ షాపు బిళ్ల, కాస్త అమృతాంజనం, మళ్లీ పని.

ఇలాంటి నొప్పి మూడు నెలలు దాటినా పోకుంటే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. దెబ్బ మానినా నరాలు అలారం మోగిస్తూనే ఉండొచ్చు. అలాగని అది కల్పన కాదు.

1970ల చివర్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో కేట్ లోరిగ్ అనే పరిశోధకురాలు కీళ్లవాతం ఉన్నవాళ్లను గుంపుగా కూర్చోబెట్టి, వారానికోసారి చొప్పున ఆరు వారాలు, నొప్పితో ఎలా నెగ్గుకురావాలో పాఠాలు చెప్పించారు. చెప్పింది డాక్టర్లు కాదు, ఎక్కువగా అదే బాధ పడుతున్న మామూలు మనుషులు. చాలామందికి నొప్పి తగ్గింది. వ్యాయామం ఎంత చేశారన్నదానికంటే, "నా వల్ల అవుతుంది" అన్న ధీమా ఎంత పెరిగిందన్నదానితోనే ఆ తగ్గుదలకు ఎక్కువ సంబంధం కనిపించింది!

నొప్పి లేని రోజు బట్టలన్నీ ఉతికి, ఇల్లంతా కడిగి, మర్నాడు మంచం పట్టడం మనకు అలవాటే. ఇలాంటి తరగతుల్లో దానికి విరుగుడు నేర్పుతారు. కాసేపు పని, కాసేపు విశ్రాంతి. ఒళ్లు బాగున్న రోజు కూడా అంతే, ఎక్కువ వద్దు.

మనకు డ్వాక్రా సంఘాలున్నాయి. పొదుపు లెక్కలు తేలాక ఒక అరగంట ఇలాంటి పాఠాలకిచ్చి, ఫిజియోథెరపిస్టును పిలిపించుకోవచ్చు. మగవాళ్లకు రచ్చబండ ఉంది గానీ, అక్కడ నడుము నొప్పి మాటెత్తడం నామోషీ!

ఒక్క జాగ్రత్త. కాళ్లు చచ్చుబడినా, మూత్రం పట్టు తప్పినా, నడుము నొప్పికి జ్వరం తోడైనా సంఘం కూర్చునేదాకా ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.