పదిహేనుకీ యాభైకీ మధ్య

మన దేశంలో సొంత బండికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు. ఆ తర్వాత ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. కార్లూ జీపుల్లాంటి వాటికి ఆ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ 1 నించి 600 రూపాయల నించి 5,000 అయింది. 2025లో, ఇరవయ్యేళ్ళు దాటిన వాటికి 10,000 చేశారు. ఇంకోవైపు 2021 జులైలో వింటేజ్ వాహనాల నిబంధనలొచ్చాయి. యాభయ్యేళ్ళు దాటి, ఛాసీ, ఇంజను, బాడీ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉంటే ఆ బండికి వేరే నంబరు ప్లేటు, వేరే మర్యాద. కాకపోతే రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలకీ ర్యాలీలకీ తీసుకెళ్ళచ్చు, డీజిలు కొట్టించుకోడానికి వెళ్ళచ్చు. అంటే చట్టం దృష్టిలో బండి పదిహేనేళ్ళ దాకా ఆస్తి, యాభై దాటాక వారసత్వం. మధ్యలో ముప్ఫయ్యయిదేళ్ళ పాటు అనుమానితురాలు.

మా బండి సరిగ్గా ఆ మధ్యలో ఉంది. మహీంద్రా ఎమ్ఎమ్ 540. ఫ్రెంచి కంపెనీ ప్యూజో లైసెన్సుతో ఇక్కడ తయారైన ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజను దానిది. నాలుగు సిలిండర్లు, ఒక్కోటీ 90 మిల్లీమీటర్ల వెడల్పు, పేరులో ఉన్న అంకెలు అవే. మా పెదనాన్న నాగాయలంకలో రొయ్యల చెరువులు మొదలెట్టిన కొత్తల్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. వెనక సీట్లు పీకించి, పడవలు బాగుచేసే వడ్రంగి చేత చెక్కలు పరిపించి, పికప్ చేసుకున్నారు. మేత బస్తాలూ ఐసు పెట్టెలూ మోసీ మోసీ అది ఇప్పుడు నా చేతికొచ్చింది. నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. నెలకోసారి ఊరెళ్ళి, రెండ్రోజులు దాని కింద పడుకుని వస్తాను.

ఇలాంటి బండిని అట్టే పెట్టుకుని బాగుచేసుకుంటూ ఉండటం మంచి పనా, లేక మంచి పనిలా కనిపించే ముచ్చటా? నన్ను ఈ ప్రశ్న చాలారోజులుగా పట్టుకుంది. సరదాకి చేసే పనికి ఇంత విచారం దేనికంటారా, సరదాల్లోనే మనిషి తన నీతిని ఎక్కువ వెసులుబాటుతో వాడుకుంటాడని నా అనుమానం.

ముందు, ఏ బండి గురించి మాట్లాడుతున్నామో చూద్దాం. ఇంజను రెండుసార్లు బోరుకొచ్చింది. కింద రేకు మూడుసార్లు మార్చారు. దివిసీమ గాలికి ఇనుము నిలవదు. గాలిలో ఉప్పుంటుంది, రొయ్యల పెట్టెల్లోంచి కారే నీళ్ళలోనూ ఉప్పే. పైన రంగు తళతళలాడుతుంటే కింద ఛాసీ మడతల్లో తుప్పు తన పని తాను చేసుకుపోతుంటుంది. కమాన్లు ఒకటి తర్వాత ఒకటి మారాయి. తలుపులు విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డులో కొత్తగా చేసినవి. మిగిలిందల్లా ఛాసీ, దాని మీద చెక్కిన నంబరూ.

ఈ చిక్కు మనకి కొత్తది కాదు. మిలిందపన్హాలో నాగసేనుడు మిలింద మహారాజుని అడుగుతాడు: రథంలో వచ్చానన్నావు కదా, ఇరుసు రథమా? చక్రాలు రథమా? కాడి రథమా? అన్నిటికీ రాజు కాదంటాడు. మరి రథమెక్కడుంది? ఈ భాగాలన్నీ కలిసినప్పుడు మనం పెట్టుకున్న పేరే రథం అని తేలుతుంది. గ్రీకుల దగ్గర ప్లూటార్క్ చెప్పిన థీసియస్ ఓడ కథ కూడా ఇంచుమించు ఇదే దారి. నాకు నాగసేనుడి రథమే దగ్గర, అది తిరిగిన నేల కాకపోయినా. మా చల్లపల్లి దగ్గర్లోనే ఘంటసాల ఉంది. అక్కడి బౌద్ధ స్తూపం గురించీ, భట్టిప్రోలు, గుడివాడ స్తూపాల గురించీ అలెగ్జాండర్ రే 1894లోనే పుస్తకం అచ్చువేశాడు. ఈ మాటలు పాళీలో చదువుకున్న భిక్షువులు ఈ డెల్టాలో కూడా ఉండే ఉంటారని ఊహించుకోవడం నాకిష్టం.

కానీ నాగసేనుడి జవాబు నా ప్రశ్నని తేల్చదు. రథం ఉత్త పేరే అనుకుందాం. మరి ఆ పేరుకి నేనేం బాకీ ఉన్నాను? కృష్ణ ఒడ్డున చెక్క పడవలున్న రోజుల్లో ఏటా ఒకట్రెండు పలకలు మార్చేవాళ్ళు. ఇది పాత పడవేనా అని ఎవరూ అడిగి ఉండరు. నీళ్ళు రాకుండా ఉందా లేదా, అంతే. ఫైబరు పడవలొచ్చాక చాలామంది వాటికి మారిపోయారు, బెంగ పెట్టుకోకుండా. అవసరం ఉన్నవాడికి వస్తువు గుర్తింపు సమస్య కాదు. అవసరం తీరిపోయిన తర్వాత ఆ వస్తువుని పట్టుకుని వేలాడే నాలాంటి వాడికే అది సమస్య.

బాగుచేసుకునే వాళ్ళ తరఫున బలమైన వాదన ఒకటుంది, పారేయకపోవడం. కొత్త బండి తయారవ్వాలంటే గని తవ్వాలి, ఉక్కు కరగాలి. ఉన్నదాన్ని నడుపుకుంటే ఆ ఖర్చంతా భూమికి మిగులుతుంది. విన్నప్పుడు బాగానే ఉంటుంది. లెక్కలోకి దిగితే మాత్రం అది ఎన్ని కిలోమీటర్లు తిప్పుతావన్న దాని మీద ఆధారపడుతుంది. నెలకి ఏ ముప్ఫై కిలోమీటర్లో తిప్పే నాకు వాదన నెగ్గుతుంది. రోజూ అవనిగడ్డకి నాలుగు ట్రిప్పులు వేసే వాడికి నెగ్గదు, కొద్దికాలంలోనే వాడి పొగ ఆ మిగులుని మింగేస్తుంది. పాత బండితో నిజంగా పనున్న వాడు దోషి అవుతాడు, పనిలేని నేను పర్యావరణ ప్రేమికుణ్ణవుతాను. ఏదైనా వాదన ఇంత అనుకూలంగా నా పక్కకే ఒరిగితే నాకు దాని మీద నమ్మకం పోతుంది.

పొగ సంగతి కూడా చెప్పాలి. నల్లగా వస్తే నాజిల్స్ గానీ పంపు గానీ చూడాలి. నీలంగా వస్తే రింగులు అరిగి ఇంజనాయిలు కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్లగా వస్తోందంటే డీజిలు సరిగ్గా మండట్లేదు. శ్రద్ధగా చూసుకుంటే ఇవన్నీ చాలావరకు తగ్గుతాయి. పోయినేడాది ఆటోనగర్‌లో పంపు క్యాలిబ్రేషన్ చేయించాక నల్లపొగ బాగా తగ్గింది. తగ్గింది, పోలేదు. 2020 ఏప్రిల్ నించి అమ్మే కొత్త డీజిలు కార్లకి బీఎస్-6 నిబంధనల వల్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరుంటుంది. మాదానికి లోపలికెళ్ళే గాలికే ఫిల్టరుంది, బయటికొచ్చే పొగకి లేదు. తన ఊపిరితిత్తులు కాపాడుకుంటుంది, వెనకాల సైకిలు తొక్కే మనిషివి కాదు. కరకట్ట మీద వెళ్తుంటే అద్దంలో ఆ సైకిలు మనిషి కనిపిస్తాడు. అతను నా అభిరుచిలో భాగస్వామి కాదు. అతన్నెవరూ అడగలేదు.

ఈ విషయం మీద ఇంగ్లీషులో రెండు పుస్తకాలకి బాగా పేరుంది. రాబర్ట్ పిర్సిగ్ 1974 నాటి ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్’, మాథ్యూ క్రాఫర్డ్ 2009 నాటి ‘షాప్ క్లాస్ యాజ్ సోల్‌క్రాఫ్ట్’. పిర్సిగ్ పుస్తకంలో నాకు బాగా నచ్చిన సంగతొకటుంది. స్నేహితుడి ఖరీదైన బీఎమ్‌డబ్ల్యూ మోటార్‌సైకిల్ హ్యాండిల్ వదులైతే, బీరు డబ్బా రేకు కత్తిరించి సందులో పెడదామంటాడు కథకుడు. అలా చేస్తే పని శుభ్రంగా జరిగేదే, కానీ స్నేహితుడికి అవమానమనిపించి ఒప్పుకోడు. మా మేస్త్రీ షెడ్డులో ఈ కథ చెబితే ఎవరికీ అర్థం కాదు. సైకిలు ట్యూబు, పెళ్ళికార్డు అట్ట, కూల్‌డ్రింకు డబ్బా, అక్కడ వీటితో పెద్ద జీవితమే నడుస్తుంది. అవమానపడాలంటే ముందు వేరే రేకు కొనే స్తోమత ఉండాలి.

క్రాఫర్డ్‌తో నా పేచీ పెద్దది. చికాగోలో రాజకీయ తత్వశాస్త్రంలో డాక్టరేటు చేసి, ఓ మేధో సంస్థలో ఉద్యోగం వదిలేసి, రిచ్‌మండ్‌లో మోటార్‌సైకిళ్ళు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడాయన. చేతిపనిలో ఆలోచన ఉంది, కంప్యూటరు ముందు కూర్చుని చేసే చాలా పనుల్లో లేనంత ఉంది అంటాడు. నిజమే. నా ఉద్యోగంలో ఏం చేసినా వెనక్కి తిప్పుకోవచ్చు. బోల్టు తలకాయ విరిగితే వెనక్కి తిప్పే మీట లేదు. బిగుసుకున్న నట్టు దగ్గర కోపం పనికిరాదు. కాస్త డీజిలు పోసి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున్నే మళ్ళీ పాన వెయ్యాలి. ఆ ఓపిక నాకు ఏ కోర్సులోనూ రాలేదు. (నా ఇంజనీరింగు చదువులో చేతికి మురికంటిన సందర్భం ఒక్కటే, మొదటేడు వర్క్‌షాప్‌లో రెండు ఇనప ముక్కలు ఆకురాయితో రాకి ఒకదాంట్లో ఒకటి ఇమడ్చడం. సగంమంది అటెండరు చేత రాకించుకున్నారు. అందరం పాసయ్యాం.)

కానీ క్రాఫర్డ్ ఆ షెడ్డుని ఎంచుకున్నాడు. మన దగ్గర ఇనప పనీ, కర్ర పనీ, తోలు పనీ పుట్టుకతో నెత్తిన పడ్డవి. చేతిపని చేసేవాణ్ణి తక్కువవాడన్న సమాజమే, ఆ పనిలో ఆత్మ ఉందని ఇప్పుడు కనిపెట్టి మురిసిపోతే, వినేవాడికి ఎలా ఉంటుంది? నా గోళ్ళలో గ్రీజు సోమవారానికి పోతుంది. ఆఫీసులో చూపిస్తే ముచ్చట పడతారు. మేస్త్రీ గోళ్ళలో గ్రీజు ఏ శుభకార్యానికీ పోదు.

మేస్త్రీ గారికి నేనంటే అభిమానమే, వెటకారంతో కలిపి. “ఏవండీ ఇంజనీరుగారూ, ఇయ్యాల ఏం చెడగొడదాం?” అంటారు. వాల్వులు గ్రైండింగ్ పేస్టుతో రుద్దడం, డీజిలు లైనులో చేరిన గాలి తీయడం, క్లచ్ ఫ్రీ ప్లే సరిచేయడం అన్నీ నా చేత చేయిస్తారు. బ్రేకులు మాత్రం తాకనివ్వరు. మొదట్లో చక్రాల సిలిండర్లలో రబ్బరు కప్పులు నేనే మారుస్తానంటే ఒప్పుకోలేదు. “ఇంజను ఆగిపోతే మీరు దిగి నడుస్తారు బాబూ. బ్రేకు పడకపోతే నడిచేవోడు పోతాడు” అన్నారు. సరదా ఎక్కడ ఆగాలో ఆయన అంత సూటిగా చెప్పింది నేను ఏ నీతిశాస్త్ర గ్రంథంలోనూ చదవలేదు. అయితే, ఆ గీత బ్రేకుల దగ్గరే ఎందుకు ఆగాలి? పొగ కూడా నడిచేవాడి మీదకే పోతుంది కదా. అది మెల్లగా పోతుంది కాబట్టి మనకి కనబడదు, అంతే. ఆయనతో ఈ మాటంటే, “అట్టా అనుకుంటే అసలు బండే తియ్యకూడదు” అన్నారు, పని ఆపకుండా. అది ఒప్పుకోలో కొట్టిపారేయడమో నాకు తెలీలేదు.

ఆయన కొడుకు డిగ్రీ అయిపోయింది. షెడ్డులో పెరిగాడు, ఇంజను శబ్దం విని ఏ సిలిండరు కొట్టట్లేదో చెప్పగలడు. అతనికి ఈ పని వద్దు. ఏడాది క్రితం తండ్రీకొడుకులిద్దరూ వచ్చి, సాఫ్ట్‌వేర్‌లోకి రావాలంటే ఏం చెయ్యాలని అడిగారు. చేతిపని గొప్పదనం గురించి నాలో అప్పటికి రెండు పుస్తకాల సరుకుంది. ఒక్క ముక్క మాట్లాడలేదు. ఏ కోర్సు, ఎన్ని నెలలు, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు, అంతా కాయితం మీద రాసిచ్చాను. ఇప్పుడతను హైదరాబాదులో టెస్టింగ్ పనిలో ఉన్నాడు. నేను అతని షెడ్డులో ఉన్నాను, శనాదివారాలు. ఇందులో తప్పేమీ లేదని నాకు తెలుసు, అతనికి నాకున్నన్ని దారులు ఉండాలి. కానీ ఆ రోజు నా నోరెందుకు పెగల్లేదో ఆలోచిస్తే, ఆ పుస్తకాల మాట సరదాగా చేసేవాడికే చెల్లుతుందని నాకు ముందే తెలుసనిపిస్తుంది.

దీనికి విరుగుడుగా చేయగలిగింది చిన్నదే. మేస్త్రీ దగ్గర పని నేర్చుకునే గంటలకి కూడా, ఆయన సొంతంగా రిపేరు చేసినట్టే కూలి లెక్కగట్టి ఇస్తున్నాను. మొదట నవ్వారు. “మీరు పని చేసి, మీరే డబ్బులివ్వడమేంటండీ?” నేను కట్టే ఇంజనీరింగు ఫీజులు గుర్తుచేశాక తీసుకున్నారు.

పెదనాన్నకి ఈ గొడవలేవీ లేవు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన మనిషి. ఆ తరంలో చాలామందిలాగే ఆయనా ఏదీ పారేయరు. వంకర మేకులు కూడా డాల్డా డబ్బాలో దాస్తారు. ఆయన దాచడంలో మమకారం లేదు, రేపటి మీద అనుమానం ఉంది. జీపు ఉంచమనలేదు, అమ్మమనలేదు. నేను చెక్కలకి వార్నిషు కొడుతుంటే మాత్రం, “దానికి సోకులెందుకురా, ఐసు మొయ్యనీ” అన్నారు. పాత బండిని కంపెనీలోంచి వచ్చినట్టు మార్చాలని తాపత్రయపడే ఔత్సాహికులున్నారు, అదే రంగు, అదే స్టిక్కరు. వాళ్ళ ఓపికంటే గౌరవమే గానీ, మా బండి విషయంలో అది అబద్ధమవుతుంది. పడవ వడ్రంగి చెక్కలు తీసేసి కంపెనీ సీట్లు పెడితే, అది రొయ్యలు మోసిన ఏళ్ళన్నీ తుడిచేసినట్టే.

వచ్చే మార్చిలో రిజిస్ట్రేషన్ గడువు. ఈలోగా పక్క చెరువు రైతు ఒకాయన ఇంజను అడిగాడు. ఇంజను బలంగా ఉందని విన్నాడట, కరెంటు పోయినప్పుడు నీళ్ళు తోడటానికి పంపుకి కలుపుకుంటానన్నాడు. మంచి ధరే చెప్పాడు. రొయ్యల చెరువుకి రాత్రిపూట కరెంటు పోవడమంటే ఏమిటో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇంజను పనిలోకెళ్తుంది, అదే పొగతో, ఎవరికో అవసరానికి. ఛాసీ కిలోల లెక్కన పోతుంది, నంబరుతో సహా. మేస్త్రీ గారిని అడిగితే, “గేర్‌బాక్సు నాకుంచండి” అన్నారు. పెదనాన్న చెక్కలు తనకి కావాలన్నారు. నేనింకా రైతుకి జవాబు చెప్పలేదు, ముందు నాజిల్స్ ఒకసారి చూపించి ఇద్దామని తీసి పెట్టాను.