మూడు పిడికిళ్ళ ఇసుక: రుద్రూర్ నుంచి బాసరకు, నొప్పి మోకాలితో

శ్రీ సరస్వత్యై నమః.

పోయిన వీడియోలో నేను ఎప్పటిలా కింద చాప మీద కాకుండా కుర్చీలో కూర్చుని మాట్లాడాను. "ఏమైందన్నా, ఒంట్లో బాగానే ఉందా?" అని చాలామంది అడిగారు. బాగానే ఉంది. కుడి మోకాలు ఒక్కటే బాగోలేదు. ఆ మోకాలు నాకు నేర్పిన పాఠం వీడియోలో పది నిమిషాల్లో చెప్పేది కాదనిపించి ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్పాలి.

ఏడాదిన్నర కింద ఆఫీస్ ఫ్రెండ్స్‌తో తిరుమల వెళ్ళాను. అలిపిరి దారిలో 3,550 మెట్లు. ఎవరు ముందు ఎక్కుతారో చూద్దామని మాలో మాకు పందెం. దారిలో పసుపు కుంకుమలు పెట్టుకుంటూ మెట్టు మెట్టుకీ వంగుతున్న ఆడవాళ్ళను పక్కనుంచి దాటుకుంటూ, చేతి వాచ్‌లో టైము చూసుకుంటూ ఎక్కేశాను. దర్శనం అయ్యాక అందరూ బస్సులో దిగుదామంటే, నేను మాత్రం "నడిచే దిగుతా" అని అవే మెట్ల మీద దాదాపు పరిగెత్తాను. మెట్లు దిగేటప్పుడు మోకాలి చిప్ప మీద పడే భారం, చదును నేల మీద నడిచేటప్పటికంటే చాలా ఎక్కువ. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. కిందికి చేరి స్క్రీన్‌షాట్ పెట్టాను. లైకులు వచ్చాయి. రాత్రికి మోకాలు వాచింది.

ఆ రోజు గోవింద నామం ఎన్నిసార్లు పలికానో నాకు గుర్తు లేదు. ఎంతసేపట్లో ఎక్కానో మాత్రం ఇప్పటికీ సెకన్లతో సహా చెప్పగలను. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పడానికి ఇది చాలు.

అదే దారిలో మోకాళ్ళ పర్వతం అనే చోటు ఉంది. కొండంతా సాలగ్రామమేననీ, దాని మీద పాదం మోపకూడదనీ రామానుజాచార్యులవారు మోకాళ్ళ మీద ఎక్కారని మన పెద్దలు చెబుతారు. ఇక్కడ ఒకటి గమనించండి. ఆయన నొప్పి కోసం మోకాళ్ళ మీద వెళ్ళలేదు. గౌరవం కోసం వెళ్ళారు. నొప్పి దారిలో వచ్చి ఉంటుంది, కానీ ఆయన లెక్కలో అది లేదు. నా లెక్కలో నొప్పీ టైమూ తప్ప ఇంకేమీ లేవు.

మొక్కు సంగతి

మాది రుద్రూర్. బాన్సువాడ, బోధన్, జుక్కల్ వైపు వాళ్ళకు తెలుసు, మా ప్రాంతానికి మహారాష్ట్ర పక్కిల్లు. ఇక్కడి నుంచి దిండీలతో కలిసి పండరీపురం నడిచి వెళ్ళేవాళ్ళు ఎప్పటి నుంచో ఉన్నారు. మా తాత వాళ్ళలో ఒకడు. మెడలో తులసి మాల, చేతిలో తాళాలు, నోట్లో విఠల నామం. ఆయన పోయే ముందు "ఒక్కసారన్న నడువు బిడ్డా" అన్నాడు. నడుస్తానని మాటిచ్చాను.

ఈ ఆషాఢంలో ఆళంది నుంచి పండరీపురం దాకా నడవాలని లీవు కూడా అడిగి పెట్టుకున్నాను. దాదాపు మూడు వారాల నడక, 200 కిలోమీటర్లకు పైనే. లక్షల మంది జనం. మనం ఆగాలనుకున్నా వెనక వచ్చే వరస ఆగదు. ఫిజియోథెరపిస్ట్ నా కాలు వంచి చూసి సూటిగా చెప్పారు. "రోజూ అంత దూరం ఇప్పుడు వద్దు. చదును నేల మీద, మధ్యలో కూర్చుంటూ, రోజుకు పది పన్నెండు కిలోమీటర్లయితే నడవచ్చు. పొద్దున లేచేసరికి వాపు కనిపిస్తే ఆ రోజు నడక లేదు."

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, నా కాలు మీద. ఇంటికొచ్చి నాయినమ్మతో అన్నాను, "తాతకిచ్చిన మాట తప్పుతున్న నాయినమ్మా."

ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తకుండానే అడిగింది, "ఇఠోబ ఇటిక మీద ఎందుకు నిలవడ్డడో ఎర్కేనా?"

కథ నాకు తెలుసు. పుండరీకుడు తల్లిదండ్రుల సేవలో ఉండగా స్వామి వాకిట్లోకి వచ్చాడు. లేచి రావడానికి వీల్లేక పుండరీకుడు ఒక ఇటుక విసిరి, దాని మీద నిలబడమన్నాడు. స్వామి నిలబడ్డాడు, నడుం మీద చేతులు పెట్టుకుని.

"గప్పటిసంది నిలవడే ఉన్నడు గదరా. నీ కాలు నయమయ్యేదాంక నిలవడడా? ఆయనకు ఎదురుచూసుడు కొత్తనా?"

నా మొక్కు చెడలేదు, వాయిదా పడింది. వాయిదాకు ఒప్పుకున్నది నేను కాదు, స్వామి.

అయినా నడవాలనే కోరిక పోలేదు. అప్పుడు తట్టింది బాసర. మా ఊరి నుంచి బోధన్, రెంజల్, కందకుర్తి, నవీపేట్ మీదుగా వెళ్తే 60 కిలోమీటర్ల పైచిలుకు. కొండల్లేవు, మెట్ల దారుల్లేవు. వసంత పంచమికి బాసరలో కాలు పెట్టే సందుండదు. అందుకని మార్గశిరం ఎంచుకున్నాను. మాసాలలో మార్గశిరం నేనే అని గీతలో స్వామి చెప్పుకున్న నెల. చలి ఉంటుంది, జనం తక్కువ, ఎండ దెబ్బ లేదు.

నడక

మొదటి రెండు రోజులు నేను చేసిన పని చెబితే నవ్వుతారు. పొద్దున రుద్రూర్‌లో బయల్దేరి బోధన్ రోడ్డు మీద ఏడెనిమిది కిలోమీటర్లు నడిచి, అక్కడ ఒక వేపచెట్టు గుర్తు పెట్టుకుని, బస్సెక్కి ఇంటికొచ్చి పడుకున్నాను. మర్నాడు మళ్ళీ బస్సులో ఆ వేపచెట్టు దగ్గర దిగి, అక్కడి నుంచి నడిచాను. ఫ్రెండ్‌కి ఫోన్‌లో చెబితే "రేయ్, ఇది పాదయాత్రా, మార్నింగ్ వాకా?" అన్నాడు. నాకూ అదే అనుమానం. కానీ రాత్రి సొంత మంచం మీద పడుకోవడం వల్ల వాపు రాలేదు. అది నిజం.

ఎడమ చేతిలో కర్ర. నొప్పి కుడి కాలికైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి, గుర్తు పెట్టుకోండి. రోడ్డుకు రెండు పక్కలా యాసంగి కోసం దున్నిన మడులు, నిజాంసాగర్ కాలువ నీళ్ళు, మంచులో తెల్లగా కొంగలు. బండ్లు పోతుంటాయి, లేనప్పుడు పూర్తి నిశ్శబ్దం. జపానికి నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకోలేదు. కర్ర నేలకు తగిలే చప్పుడుకే నామం కలిపాను. అలిపిరిలో 3,550 మెట్ల మీద దొరకనిది ఇక్కడ మొదటి కిలోమీటరులోనే దొరికింది.

బోధన్‌కు మహాభారతంలోని ఏకచక్రపురం ఇదేనని స్థానికంగా నమ్మకం. భీముడు బకాసురుణ్ణి చంపిన ఊరు. ఇక్కడ ఏకచక్రేశ్వరుడి గుడి ఉంది. ఆ గుడి అరుగు మీద మోకాలికి వేడి కాపడం పెట్టుకుంటూ కూర్చున్నప్పుడు ఒక విషయం గుర్తొచ్చింది. లక్క ఇంటి నుంచి తప్పించుకున్న పాండవులు ఏకచక్రపురం చేరేముందు అడవిలో నడవలేకపోయారు. కుంతి నడవలేకపోయింది, ధర్మరాజు నడవలేకపోయాడు, అర్జునుడంతటివాడు కూడా నడవలేకపోయాడు. భీముడు అందరినీ ఎత్తుకుని నడిచాడు. మోయించుకున్నందుకు ధర్మరాజు ధర్మం తగ్గిందని వ్యాసుడు ఎక్కడా రాయలేదు.

అప్పుడు ఇది ఒక కథగా గుర్తొచ్చింది, అంతే. కొన్ని రోజుల తర్వాత అవసరానికి వచ్చింది.

బోధన్ నుంచి రెంజల్ మీదుగా కందకుర్తికి రెండు రోజులు పట్టింది. అక్కడ గోదావరిలో మంజీర, హరిద్ర కలుస్తాయి. మా ఊరి పొలాలకు నిజాంసాగర్ నుంచి నీళ్ళిచ్చే మంజీరే ఇక్కడ తన పేరు వదిలేసుకుని గోదావరి అయిపోతుంది. చిన్నప్పటి నుంచి కాలువలో ఈత కొట్టిన నీళ్ళవి. మూడుసార్లు మునిగి, ఒడ్డున ఇసుకలో చాలాసేపు కూర్చున్నాను.

ఆ పొద్దున

నవీపేట్‌లో పడుకుని లేచిన పొద్దున, మోకాలు వాచి ఉంది. పెద్ద వాపు కాదు. చిప్ప పక్కన ఉండే గుంట పూడిపోయింది, అంతే. ఇక మిగిలింది ఒక్క రోజు నడక. యంచ దగ్గర గోదావరి బ్రిడ్జి, అవతల బాసర. ఆ బ్రిడ్జి మీద నడవాలని మొదటి రోజు నుంచీ కలగంటున్నాను.

లోపల రెండు గొంతులు. ఒకటి: "ఇంత దూరం వచ్చి? అమ్మవారే నడిపిస్తుంది, పద." వినడానికి ఇది ఎంత భక్తిగా ఉందో చూడండి. కానీ ఆ గొంతు నాకు కొత్తది కాదు. అలిపిరిలో "నడిచే దిగుతా" అన్నది అదే. ఇప్పుడు బొట్టు పెట్టుకుని వచ్చింది. రెండోది: "వాపు వస్తే నడక లేదు."

గీత పదిహేడో అధ్యాయంలో స్వామి ఒక కఠినమైన మాట అంటాడు. దంభంతో, అహంకారంతో ఒంటిని హింసించే తపస్సు చేసేవాళ్ళు తమ శరీరాన్నే కాదు, లోపల ఉన్న తననూ కష్టపెడుతున్నారని. కుమారసంభవంలో కాళిదాసు ఇదే విషయాన్ని ప్రేమగా చెప్పించాడు. ఘోర తపస్సులో ఉన్న పార్వతి దగ్గరికి శివుడు బ్రహ్మచారి వేషంలో వచ్చి, ముందు కుశలం అడుగుతాడు. నీ శక్తికి తగ్గట్టే తపస్సు చేస్తున్నావా, ధర్మం చేయడానికి మొదటి సాధనం శరీరమే కదా అంటాడు. ఎవరి కోసం తపస్సో ఆయనే వచ్చి అడిగిన ప్రశ్న అది.

సరస్వతి వాహనం హంస. పాలనూ నీళ్ళనూ వేరు చేస్తుందంటారు. ఆమె దగ్గరికి వెళ్తూ నేను వేరు చేయాల్సింది ఈ రెండు గొంతులనే. వినయంలో వచ్చే నొప్పి ఉంటుంది, పొగరులో వచ్చే నొప్పి ఉంటుంది. మోకాలికి రెండూ ఒకేలా ఉంటాయి. తేడా మనసుకే తెలుస్తుంది, అది కూడా నిజాయితీగా అడిగితేనే.

బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని నా భీముడు టికెట్ కొట్టి ఇస్తే తీసుకున్నాను. బ్రిడ్జి మీద అందరూ చిల్లర తీసి గోదావరిలో వేస్తుంటే నేనూ ఒక రూపాయి వేశాను. ఏడుపొచ్చింది, దాచను. ఓడిపోయినందుకు అనుకున్నాను ముందు. కాదు. గొప్ప కోసం కాకుండా నేను తీసుకున్న నిర్ణయం, నాకు గుర్తున్నంతలో, అది మొదటిది.

వ్యాసుడి ఇసుక

బాసర స్థలపురాణం మీలో చాలామందికి తెలుసు. కురుక్షేత్ర యుద్ధం తర్వాత మనశ్శాంతి వెతుక్కుంటూ వ్యాసులవారు ఈ గోదావరి ఒడ్డుకు వచ్చారు. రోజూ స్నానం చేసి మూడు పిడికిళ్ళ ఇసుక తెచ్చి మూడు చోట్ల పోసేవారు. అలా పోయగా పోయగా సరస్వతి, లక్ష్మి, కాళి మూర్తులయ్యాయి.

ఈ కథ ఎన్నోసార్లు విన్నాను. కానీ మోకాలు నొప్పితో వింటే వేరే చోట తగిలింది. మహాభారతం చెప్పిన మనిషి, రోజుకు మూడు పిడికిళ్ళే ఎందుకు తెచ్చారు? గంపతో తేవచ్చు కదా? ఇసుకకు కొదవ లేదు. ఆయనకు తొందర లేదు. పిడికిట్లో పట్టినంతే తెచ్చారు, మర్నాడు మళ్ళీ వచ్చారు. వేపచెట్టు దాకా నడిచి ఇంటికెళ్ళి, మర్నాడు మళ్ళీ ఆ చెట్టు దగ్గరికే వచ్చినందుకు అప్పుడు సిగ్గు పోయింది.

గుడిలో అక్షరాభ్యాసాలు జరుగుతున్నాయి. నా పక్కనే ఒక చిన్న పాప, ఒళ్ళో పలక. తండ్రి ఆమె పిడికిలిని తన పిడికిట్లో పెట్టుకుని బలపంతో ఓంకారం దిద్దిస్తున్నాడు. పాప పట్టు వదిలేసి, ఆ చెయ్యి ఎటు పోతే అటు వేలు పోనిచ్చింది. అయ్యాక పలక పైకెత్తి అందరికీ చూపించింది, "నేను రాసిన!" అని. కాదని ఎవరూ అనలేదు. తండ్రి అసలే అనలేదు.

నేనూ అమ్మవారి ముందు నిలబడి అదే చెప్పాను. నడిచొచ్చిన తల్లీ, అని.

మీరు కూడా వెళ్ళాలనుకుంటే

మోకాలు, నడుము, ఆస్తమా, ఏదున్నా సరే, ముందు డాక్టర్‌ని అడగండి. ఆ మాటను దారిలో మార్చకండి. ఎప్పుడు ఆపాలో ఇంట్లోనే రాసి పెట్టుకోండి, ఎందుకంటే దారిలో మనసు లాయర్ అయిపోతుంది. జనం తక్కువ ఉండే రోజులు, చదును దారులు ఎంచుకోండి. మీ ఊరి నుంచి మీ నది దాకా నడిచినా యాత్రే. తెల్లవారుజామున రోడ్డు మీద నడిస్తే లేత రంగు బట్టలు వేసుకోండి, ఎదురొచ్చే బండ్లు కనిపించే పక్కన నడవండి. వాచ్ ఇంట్లో పెట్టండి. నేను పెట్టాను.

అసలు నడవలేనివాళ్ళు బస్సులో వెళ్ళండి. మంచం దిగలేనివాళ్ళు ఉన్నచోటే తలుచుకోండి. వాకిట్లో ఇటుక మీద నిలబడడం తెలిసిన స్వామి మనకున్నాడు.

రోజూ వ్యాయామాలు చేస్తున్నాను, పదిహేను నిమిషాలు. బోర్ కొడుతుంది. మూడు పిడికిళ్ళు అనుకుని చేస్తున్నాను. వచ్చే ఆషాఢమా, ఆ పై ఏడాదా తెలియదు. పండరి దారి అక్కడే ఉంది.

అమ్మవారి అనుగ్రహం మీ అందరి మీదా ఉండాలి. మీ ఇంట్లో మోకాళ్ళ నొప్పితో ఉన్న పెద్దవాళ్ళకు ఇది చదివి వినిపించండి. జై సరస్వతీ మాత. జై జై విఠల.