కాయకరక్షణయే దాసోహము

శరణులారా! పన్నెండవ శతాబ్దమున బసవేశ్వరుడు కల్యాణమందలి అనుభవమంటపమున సకల కాయకములవారికిని సమానాసన మొసంగెను. బట్టలుతికిన మడివాళ మాచయ్యయు, త్రాళ్లు పేనిన నులియ చందయ్యయు అందు పూజ్యులైరి.

నేడు తిరుపతి, చిత్తూరు జిల్లాల ప్రభుత్వ పాఠశాలలలో మధ్యాహ్నభోజనము వండు తల్లులదియు అట్టి కాయకమే. వారి గౌరవవేతనము 2019లో నెలకు 3,000 రూపాయలైనది. గంజి వార్చునపుడు చేయి కాలినచో ఆ సొమ్ము మందులకైన చాలునా? పొగచేరని వంటశాల, ప్రమాదబీమా కావలెనని వారు సంఘముగా కూడి అడుగుట ధిక్కారము కాదు. సంఘము కట్టుకొను హక్కు రాజ్యాంగములోని 19వ అధికరణ మిచ్చినదే. పనిచోట మానవోచిత పరిస్థితులు కల్పింపుమని 42వ అధికరణము ప్రభుత్వమును ఆదేశించుచున్నది.

బిడ్డల ఆకలి తీర్చు చేయి కాలుచుండగా, లింగమును పూజించు చేయి ఊరకుండదగునా? మీ యూరి బడి వంటశాలను చూచి రండు. వారి విన్నపమునకు మీ సంతకమును జోడింపుడు. అదియే దాసోహము.