మూలన ఉన్నవాళ్ళ సంగతి

లార్జ్ ఫార్మాట్ కెమెరాతో పనిచేసేవాళ్ళు రెండో లెన్సు ఏది కొనాలా అని ఆలోచించడం మొదలుపెడితే, ఆ ఆలోచన చాలాసార్లు 90 మిల్లీమీటర్లకీ 135కీ మధ్య ఎక్కడో తిరుగుతూ ఉంటుంది. నాలుగంగుళాలు బై ఐదంగుళాల ఫిల్ముకి 150 లెన్సుది మామూలు చూపు. 90 బాగా వెడల్పు. 135, 125, 110 కొంచెం వెడల్పు. ఈ ‘కొంచెం’ దగ్గరే నాకో ప్రశ్న. ఒక మనిషిని ఫొటో తీసేటప్పుడు అతని చుట్టూ ఉన్న లోకాన్ని ఎంతవరకు కలుపుకోవాలి? పైకి ఇది పరికరాల ప్రశ్న. కానీ అంతటితో అయిపోదు.

లెన్సు మారిస్తే పర్‌స్పెక్టివ్ మారుతుందని చాలామంది అంటారు. మారదు. దగ్గరివి ఎంత పెద్దగా, దూరానివి ఎంత చిన్నగా కనిపిస్తాయన్నది మనం నిలబడ్డ చోటుని బట్టి ఉంటుంది. ఆ చోటు నుంచి కనిపించేదాంట్లో ఎంత మేర ఫిల్ము మీద పడాలో చెప్పడమే లెన్సు పని. అయితే ఫ్రేములో ఇంత పట్టాలని ముందే అనుకుంటే, మనల్ని వెనక్కో ముందుకో నడిపించేది కూడా లెన్సే.

గుంటమగ్గం మీద పనిచేస్తున్న ఒక నేతకారుణ్ణి ఊహించుకుందాం. మగ్గం, గోడ, పక్కన రాట్నం, అన్నీ కలిపి మూడు మీటర్ల వెడల్పు పట్టాలి. 300 లెన్సుతో అయితే ఏడున్నర మీటర్ల దూరం కావాలి. అంత గది ఏ నేత ఇంట్లో ఉంటుంది? వీధిలో నిలబడి గుమ్మంలోంచి తొంగిచూడాల్సిందే. 135 అయితే దాదాపు 3.4 మీటర్లు చాలు. గొంతు పెంచకుండా “బాబాయ్, ఒక్క క్షణం కదలకండి” అనొచ్చు. ఆయన “ఎందుకయ్యా ఇదంతా?” అని అడిగితే మనం జవాబు చెప్పక తప్పని దూరం అది. ఈ కెమెరాకి స్టాండు కావాలి, తల మీద నల్లగుడ్డ కావాలి, ఒక్కో బొమ్మకి ఒక్కో ఫిల్ము పెట్టుకోవాలి. ఎలాగూ దొంగచాటుగా తీయలేం. కాబట్టి అడిగే తీయాలి, అడగగలిగేంత దగ్గరలో ఉండాలి.

మరి ఇంకా దగ్గరికెళ్ళి, ఇంకా వెడల్పు లెన్సుతో ఇల్లంతా పట్టేస్తే? ఏదీ వదల్లేదన్న తృప్తి ఉంటుంది. కానీ ఆ తృప్తికి ఖర్చు పెట్టుకునేది మూలన ఉన్నవాళ్ళు. గుండ్రటి వస్తువు ఏదైనా వెడల్పు లెన్సులో అంచుకి జరిగేకొద్దీ సాగుతుంది. 90 లెన్సుతో ఫ్రేము మూలకి పడ్డ తల సుమారు 30 శాతం సాగుతుంది. 135తో 15 శాతం. మధ్యలో ఉన్న నేతకారుడికి ఏమీ కాదు. మూలన కూర్చుని కండెలు చుడుతున్న ఆయన భార్య ముఖం మాత్రం వంకర పోతుంది. ఆవిణ్ణి కూడా చేర్చాం అని మనం చెప్పుకుంటాం. ఎలా చేర్చామో ఆవిడ చూసుకుంటే తెలుస్తుంది.

దీనికొక జవాబుంది. ప్రింటుని సరైన దూరం నుంచి చూస్తే ఆ సాగుడు సర్దుకుంటుంది. నిజమే. 90 లెన్సుతో తీసి నాలుగు రెట్లు పెంచిన ప్రింటుని 36 సెంటీమీటర్ల దూరం నుంచి, సరిగ్గా మధ్యలో నిలబడి చూడాలి. గోడ మీద ఫొటోని ముక్కు ఆనించినట్టు చూసేవాళ్ళెవరు? 135తో తీసినదానికి ఆ దూరం 54 సెంటీమీటర్లు. చేత్తో పట్టుకుని చూసే దూరానికి దగ్గర. మన కొలత చూసేవాళ్ళ అలవాటుకి కూడా సరిపడాలి కదా.

అలాగని 90కీ 150కీ నడుమ 120 ఉంది కాబట్టి అదే న్యాయం అనలేం. మధ్యమం అంటే అంకెల సగం కాదని అరిస్టాటిల్ ఏనాడో చెప్పాడు. పది పాళ్ళ తిండి ఎక్కువై, రెండు పాళ్ళు తక్కువైతే, వస్తాదుకి ఆరు పాళ్ళే సరి అనుకోకూడదు. మనిషిని బట్టి, పనిని బట్టి తేల్చుకోవాలి. ఇరుకు గదిలో ఇద్దరుంటే 110 కావాల్సి రావచ్చు. ఒక్కరే ఉంటే 150 చాలు.

వాకర్ ఎవాన్స్ 1936 వేసవిలో అలబామాలో పేద కౌలు రైతుల కుటుంబాలని ఎనిమిది బై పది అంగుళాల కెమెరాతో ఫొటోలు తీశాడు. ఆ ఫొటోలు 1941లో జేమ్స్ ఏజీ రచనతో కలిసి పుస్తకంగా వచ్చాయి. ముఖాలని ముఖాలుగా తీశాడు. వంటిల్లు, మంచం, బూట్లు విడిగా తీశాడు. ఒక్క ఫ్రేములోనే వాళ్ళ బతుకంతా కుక్కాలని చూడలేదు. రెండో ఫొటోకి చోటుంచడమంటే, మొదటిదానికి అందనిది ఉందని ఒప్పుకోవడమే. కొంచెం వెడల్పు లెన్సులో నాకు నచ్చేది ఆ ఒప్పుకోలే. మనిషితో పాటు అతని గోడనీ పనినీ చూపిస్తుంది, అంతా చూపించేశానని మాత్రం అనదు.

అందుకే లెన్సు కొనేముందు పదును గురించీ బరువు గురించీ ఎలాగూ చదువుతాం గానీ, ఇంకో రెండు సంగతులు కూడా ఆలోచించుకోవాలి. మనం వెళ్ళబోయే ఇళ్ళల్లో గది ఎంత పొడవుంటుంది? ఫ్రేము మూలన ఎవరు కూర్చుంటారు?