యంత్రం గీసిన గీతకు కర్త

చేయి తిరిగిన చిత్రకారుడు తనకు పట్టుబడిన కుంచెనూ రంగునూ విడిచి కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు, ఇన్నేళ్ళ సాధన అక్కడ పనికివస్తుందా అన్న సందేహం అందరికీ కలుగుతుంది. ఆ సందేహానికి అడుగున భారతీయ దర్శనాలు తరతరాలుగా చర్చించిన మరింత కఠినమైన ప్రశ్న ఉంది: చేయి తాకని చిత్రానికి కర్త ఎవరు, దాని అర్థానికి ఆధారం ఎవరి ఉద్దేశం?

17వ శతాబ్దానికి చెందిన తెలుగు నైయాయికుడు, అంటే న్యాయదర్శన పండితుడు, అన్నంభట్టు తన ‘తర్కసంగ్రహా’నికి తానే రాసుకున్న ‘దీపిక’ అనే వ్యాఖ్యలో, ఈశ్వరుణ్ణి జగత్కర్తగా నిరూపించే సందర్భంలో, కర్తకు ఉండవలసిన మూడు లక్షణాలను చెప్పాడు. కుండకు మట్టి ఎలాగో అలా కార్యానికి ఆధారమైన పదార్థాన్ని ఉపాదానం అంటారు. దానిని గురించిన ప్రత్యక్షజ్ఞానం మొదటి లక్షణం. చేయాలనే కోరిక, అంటే చికీర్ష, రెండవది. ఆ కోరికను అనుసరించి పుట్టే ప్రయత్నం, అంటే కృతి, మూడవది. చిత్రకారుడు డిజిటల్ మాధ్యమంలోకి వెళ్ళినప్పుడు చికీర్షకు లోటు రాదు, ప్రయత్నమూ తగ్గదు. దెబ్బతినేది మొదటి లక్షణమే. రంగు ఎంత పలచన అయితే గుడ్డ పీల్చుకుంటుందో, కుంచె ఏ ఒత్తిడికి ఎంత వంగుతుందో వేళ్ళకు తెలిసిన మనిషికి, రంగు కొన్ని అంకెలుగా మాత్రమే ఎదురైన చోట ఉపాదానజ్ఞానం మళ్ళీ మొదటి నుంచి సంపాదించుకోవలసి వస్తుంది.

ఈ కష్టాన్ని చివరంటా అనుభవించిన వారిలో హెరాల్డ్ కోహెన్ ముఖ్యుడు. 1928లో లండన్‌లో పుట్టి, 1966లో వెనిస్ బినాలేలో బ్రిటన్ తరఫున పాల్గొన్న చిత్రకారులలో ఒకరైన ఆయన, పేరు నిలబడిన దశలో, 1968లో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో శాఖకు వెళ్ళి అక్కడ ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నారు. 1970ల తొలినాళ్ళ నుంచి 2016లో మరణించే దాకా ఆయన పెంచుకుంటూ వచ్చిన ప్రోగ్రాం పేరు ఆరన్. మూసిన ఆకారానికీ తెరిచిన గీతకూ భేదం ఏమిటి, లోపల అంటే ఏమిటి, ఒక వస్తువు మరొకదాని వెనుక ఉన్నట్టు చూపడం ఎలా అన్న నియమాలను ఒక్కొక్కటిగా రాసి ఇస్తే, వాటిని బట్టి ఆరన్ బొమ్మలు గీసేది. చాలా ఏళ్ళపాటు వాటికి రంగులు మాత్రం కోహెన్ తన చేతితోనే వేసేవారు. రంగు వేసే పనిని కూడా యంత్రానికి అప్పగించాలనుకున్నప్పుడే అసలు చిక్కు వచ్చింది. చిత్రకారుడు ఒక రంగు వేసి, చూసి, దిద్దుకుంటాడు. చూపు లేని ఆరన్‌కు ఆ దారి లేదు కనుక, చేయి చెప్పకుండా చేస్తూ వచ్చిన నిర్ణయాలన్నిటినీ ఆయన ముందుగానే మాటల్లో పెట్టవలసివచ్చింది. రంగుల పొందికలో అన్నిటికన్నా ముందు లెక్కలోకి తీసుకోవలసినది వాటి వెలుగు తరతమభేదమని ఆయన నిర్ధారించుకున్నది ఈ శ్రమలోనే. అభ్యాసం వల్ల మనసులో నిలిచిపోయి, తెలియకుండానే పని చేయించే జ్ఞానపు జాడను శాస్త్రాలు సంస్కారం అంటాయి. ఆ సంస్కారాన్ని పట్టుకుని, అది ఏమిటో తేటగా చెప్పగలగడం ఆత్మపరిశీలన అనదగిన పని.

ఇక అర్థం సంగతి. అదే దర్శనానికి చెందిన విశ్వనాథ పంచాననుడి ‘న్యాయసిద్ధాంతముక్తావళి’ శాబ్దబోధను, అంటే వాక్యం వల్ల అర్థం తెలియడాన్ని, వివరిస్తూ తాత్పర్యజ్ఞానం, అంటే పలికినవారి ఉద్దేశం తెలియడం, అందుకు కారణమని చెబుతుంది. అలాగైతే చిలుక పలికిన వాక్యం మనకెలా అర్థమవుతుందన్న ఆక్షేపణను కూడా అదే గ్రంథం ఎదుర్కొంటుంది: వాస్తవంతో పొసగే చిలుక పలుకుకు ఈశ్వరుడి తాత్పర్యమూ, పొసగని పలుకుకు దానికి మాటలు నేర్పిన వాడి తాత్పర్యమూ ఆధారమని సమాధానం ఇస్తుంది. మీమాంసకుల దారి వేరు; వేదం అపౌరుషేయం, అంటే ఎవరూ రచించనిది, అయినా శబ్దానికి సహజంగా ఉన్న శక్తి వల్లనే అర్థాన్ని ఇస్తుందని వారి మతం. కాలిఫోర్నియాలో పూర్వుల శిలాచిత్రాలను చూసిన కోహెన్, ఎవరు ఎందుకు చెక్కారో తెలియని గుర్తులు చూపరికి అర్థవంతంగా ఎందుకు తోస్తాయన్న ప్రశ్న దగ్గర ఆగిపోయారు. చూపరి వైపు నుంచి ఆలోచిస్తే అది మీమాంసకుల ప్రశ్నకు దగ్గరిది; ఆరన్ గీసిన బొమ్మల విషయంలో మాత్రం నైయాయికుల సమాధానమే ఎక్కువ నిలుస్తుంది, ఎందుకంటే అక్కడ నేర్పిన వాడు ఒక్కడే, నేర్పిన ప్రతి నియమమూ అతడు ఎరిగినదే.

పరధర్మం భయావహమని భగవద్గీత హెచ్చరించలేదా అని ఎవరైనా అడగవచ్చు. చిత్రకారుడి స్వధర్మం చూడడమూ రూపం కల్పించడమూ అయినప్పుడు కుంచె అందుకు కరణం, అంటే సాధనం, మాత్రమే. కరణం మారినంత మాత్రాన ధర్మం మారదు. కోహెన్ తన చివరి సంవత్సరాలలో పెద్ద స్పర్శతెర మీద ఆరన్ గీతల నడుమ వేలితో రంగులు వేయడానికి తిరిగి పూనుకోవడాన్ని ఓటమి అనుకోనక్కరలేదు. మాటల్లో పెట్టగలిగినది ఎంతో తేల్చుకున్నాక, మిగిలినది చేతికి అప్పగించడం అది.

కోట్ల చిత్రాల నుంచి నేర్చుకుని, నాలుగు మాటలు చెబితే బొమ్మ ఇచ్చే నేటి యంత్రాల విషయంలో ఈ విచారణ మరింత అవసరం. అక్కడ ఆ నాలుగు మాటలు చెప్పే వ్యక్తికి చికీర్ష ఉంటుంది, కొంత ప్రయత్నమూ ఉంటుంది. ఉపాదానజ్ఞానం మాత్రం, తమ బొమ్మలు ఆ యంత్రానికి పాఠమయ్యాయని ఎరగని అసంఖ్యాక చిత్రకారుల మధ్య చెదిరి ఉంది. చిలుకకు మాటలు నేర్పిన వాడు ఒక్కడు కానప్పుడు, తమకు తెలియకుండానే నేర్పిన వారికి కర్తృత్వంలో భాగం లేదనడానికి న్యాయదర్శనంలో ఆధారం వెతకడం కష్టం.