గడప దాటితే చీడ

న్యూజెర్సీలో మా కరివేపాకు మొక్కకి రెండు కాపురాలు. మే నుంచి సెప్టెంబర్ దాకా డెక్ మీద, రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి దిగే రోజుల్లో లోపల కిటికీ పక్కన. తెచ్చేముందు చేసే పనులు ఇక్కడి తెలుగువాళ్లు చాలామందికి తెలిసినవే: ఆకుల అడుగు భాగం నీళ్లతో గట్టిగా కడగడం, కొమ్మలకి అతుక్కున్న పొలుసు పురుగుల్ని గీకెయ్యడం, సబ్బునీళ్లో వేపనూనో చల్లడం, రెండు వారాలు మిగతా మొక్కలకి దూరంగా ఉంచడం.

నా ప్రశ్న పద్ధతి గురించి కాదు. వేసవంతా ఆ ఆకుల మీదే బతికిన పేనుబంకని నేను పట్టించుకోలేదు. అక్టోబర్‌లో చంపుతున్నాను. ఈలోగా అది చేసిన తప్పేమిటి?

ఏమీ లేదు. బయట అక్షింతల పురుగులు దాన్ని తినేవి, వాన కడిగేసేది. లోపల ఆ రెండూ లేవు. పైగా పేనుబంకలో ఆడవి జత కట్టకుండానే పిల్లల్ని కనగలవు, కాబట్టి ఒక్కటి మిగిలినా చాలు. హీటర్ పెట్టే పొడి గాలి ఎర్రనల్లికి పండగ. అంటే, ‘చీడ’ అనేది ప్రాణి పేరు కాదు, పరిస్థితి పేరు. ఆ పరిస్థితిని తయారుచేసింది నేనే.

అలాగని మొక్కని మంచుకి వదిలేస్తే చేతులు శుభ్రంగా ఉంటాయా? ఉండవు, అప్పుడు మొక్క చస్తుంది. జీవం పట్ల గౌరవమే నీతికి పునాది అన్న ఆల్బర్ట్ ష్వైట్జర్‌కీ ఈ చిక్కు తప్పలేదు. చేపలు తినే డేగ పిల్లనొకదాన్ని కాపాడాక, దాని కోసం రోజూ చిన్న చేపల్ని చంపాల్సి వస్తోందని ఆయనే రాసుకున్నాడు. చంపక తప్పని చోట కూడా దాన్ని పుణ్యం అనుకోకపోవడం ఆయనలో నాకు నచ్చుతుంది.

‘పురుగులే కదా’ అనేవాళ్లతో నేను ఏకీభవించను. ‘అయితే మొక్కలే పెంచకు’ అనేవాళ్లతోనూ అంతే. నా మట్టుకు బాధ్యత చంపే క్షణంలో లేదు, దానికి నెల ముందు ఉంది. సెప్టెంబర్ మొదట్లోనే, ఇంకా వెచ్చగా ఉండగా కడిగితే, రాలినవి పచ్చిక పాలో, సాలీళ్ల పాలో అవుతాయి. కొన్ని బతుకుతాయి కూడా. చలి వచ్చేదాకా ఆగితే మిగిలేది మందు ఒక్కటే. తప్పనిసరి అని మనం చెప్పుకునే హింసలో కొంత, నిజానికి మన ఆలస్యం. మిగతా కొంత నిజంగానే తప్పనిసరి. ఆ రెండిటినీ కలిపేయకుండా చూసుకోవడమే నాకు చేతనైన నీతి.