చట్రంలో నది

పూర్వపు ఖమ్మం జిల్లాలో భద్రాచలం నుంచి పర్ణశాల వైపు సాగే గోదావరి తీరంలోనూ, పాల్వంచ సమీపంలోని కిన్నెరసాని అభయారణ్యంలోనూ గద్దజాతి పక్షిని చూడబోయే మనిషిని ఆ పక్షి ముందే చూసి ఉంటుంది. కంటిలో చూపు అత్యంత నిశితంగా కుదిరే ఫోవియా అనే చిన్న గుంట మనిషికి ఒకటే ఉండగా, పగటివేళ వేటాడే పక్షుల్లో చాలావాటికి రెండేసి ఉంటాయి; పెద్ద గద్దల చూపు మనిషి చూపు కంటే రెండింతలకు పైగా సూక్ష్మమని పరిశోధకులు లెక్కగట్టారు. అందువల్ల ఒడ్డున కెమెరా పట్టినవాడే ద్రష్ట, పక్షి కేవలం దృశ్యం అనే భావన ఇక్కడ నిలవదు.

ఈ తీరాన ఊళ్ల మీద తిరుగుతూ కోడిపిల్లలను తన్నుకుపోయే నల్లగద్ద, ఇటుకరంగు ఒంటితో తెల్లటి తలతో ఉండే గరుడపక్షి, అడవి అంచున కొమ్మ మీద కదలకుండా కూర్చునే పాములగద్ద ఒకే నీటిని, ఒకే నేలను తలా ఒక తీరుగా వాడుకుంటాయి. దక్షిణాది నదులకు, జలాశయాలకు చలికాలంలో ఉత్తరదేశాల నుంచి వచ్చే ఆస్ప్రే అనే చేపలగద్ద బతుకు మరింత నేరుగా నీటితో ముడిపడినది. జారిపోయే చేపను రెండు ముందు వేళ్లు, రెండు వెనక వేళ్ల మధ్య బిగించడానికి దాని కాలి బయటి వేలు వెనక్కి తిరుగుతుంది, అరికాళ్లకు ముళ్లవంటి పొలుసులు ఉంటాయి, నీట మునిగేటప్పుడు ముక్కురంధ్రాలు మూసుకుంటాయి. ఇంత అమరిక ఉన్నా పైనుంచి చేప కనిపించకపోతే దానికి వేట లేదు. భద్రాచలం వద్ద 43 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక జారీ అయ్యే గోదావరి, 2022 జూలైలో 71 అడుగులు దాటి పారినప్పటిలా ఎర్రని ఒండ్రు మోసుకొస్తున్న రోజుల్లో పైనుంచి చూసే కంటికి మూసిన తలుపే. ఒడ్డున చచ్చిన చేపలనూ ఏరుకునే గరుడపక్షికి మాత్రం ఆ నీటిలోనూ కొంత దొరుకుతుంది. వానలు తగ్గి నీరు తేరుకొని ఇసుక తిన్నెలు బయటపడ్డాక, ఎండకు వేడెక్కిన ఆ ఇసుక మీది నుంచి గాలి పైకి లేస్తే, రెక్క ఆడించకుండానే గద్ద దాని మీద చుట్లు తిరుగుతూ ఎత్తుకు పోతుంది. అంటే గద్ద ఎగరడం వెనుక ఇసుక ఉంది, దాని వేట వెనుక నీటి తేట ఉంది.

నేటి పక్షిచిత్రం తుడిచివేస్తున్నది సరిగ్గా ఈ సంబంధాన్నే. దూరపు వస్తువును దగ్గరగా చూపే టెలీఫోటో లెన్స్‌లో, స్పష్టంగా కనిపించే మేర చాలా పలచగా ఉండడం వల్ల, పక్షి కన్ను మెరుస్తుండగా దాని వెనక నది పచ్చని, నీలపు మసకగా కరిగిపోతుంది, ఆ మసకనే అందమని మెచ్చుకోవడం అలవాటైపోయింది. అటువంటి బొమ్మలోని గద్ద గోదావరిదో మరే నదిదో ఎవరూ చెప్పలేరు. నిజాం రాజ్యంలో 1931-32లో పక్షుల సర్వే చేసిన సలీం అలీ, ఆనాటి పద్ధతి ప్రకారం, తుపాకీతో కొట్టిన పక్షుల చర్మాలను భద్రపరిచాడు. ఆ పని క్రూరమైనదే, కానీ అటువంటి ప్రతి నమూనా కాలికి అది దొరికిన చోటు, తేదీ రాసిన చీటీ కట్టి ఉంచడం శాస్త్ర నియమం. చంపిన పక్షికి కూడా దాని చోటును మిగిల్చింది ఆ చీటీ. ఈనాటి కెమెరా ప్రాణం తీయదు, అది నిస్సందేహంగా మేలైన మార్పు. అయితే చోటును తీసివేస్తున్నది.

భద్రాచలం పక్కనే, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ఎటపాక, జటాయువు నేలకూలిన స్థలమని ఈ ప్రాంతపు విశ్వాసం. వాల్మీకి అతడిని గృధ్రరాజు, అనగా రాబందుల రాజు అన్నాడు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, ఆ పశువుల కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను దెబ్బతీసి ఆ జాతిని దేశమంతటా చాలావరకు తుడిచిపెట్టగా, 2006లో పశువైద్యంలో దానిని నిషేధించేనాటికి ఎంతో ఆలస్యమైంది. కథలోని జటాయువు సీత అపహరణను చూశాడు, చూసినందువల్లనే అడ్డుపడ్డాడు. అన్న సంపాతి రెక్కలు కాలి సముద్రతీరాన పడి ఉండి కూడా, లంకలో ఉన్న సీతను చూసి ఆ చోటు వానరులకు చెప్పాడు. పోరాడే శక్తి లేని చూపుకు కూడా చోటు చెప్పే శక్తి ఉంటుందని ఆ కథ పట్టి చూస్తే తోస్తుంది, కెమెరాకు తగిన ధర్మం బహుశా సంపాతిదే.

పోలవరం జలాశయం నిండితే శబరి గోదావరిలో కలిసే కూనవరం దాకా తీరం రూపు మారుతుంది. గద్దలు ఆధారపడే తిన్నెలు కొన్ని కనబడకుండా పోతాయి. అప్పటికి అక్కరకు వచ్చేవి, పక్షి చిన్నదిగా, ఒడ్డు, ఇసుక, నీటి రంగు వెడల్పుగా ఉండి, కింద తేదీ, రేవు పేరు రాసి ఉన్న చిత్రాలే, వాటిని మెచ్చుకునేవారు తక్కువైనా సరే. గూడు విషయంలో మాత్రం ఈ వాదం తలకిందులవుతుంది. గుడ్లు పెట్టిన జంట దగ్గరకు మనుషులు పదేపదే వెళితే అవి గూడునే వదిలిపెట్టవచ్చు గనుక, అక్కడ చోటు చెప్పకపోవడమే సాక్షి చేయవలసిన పని అవుతుంది. ఏ చోటు చెప్పాలో, ఏది దాచాలో తీరం వెంట ప్రతిసారీ కొత్తగా నిర్ణయించుకోవలసిందే.